జీపు టాపు మీద వాన

మా ఇంట్లో తుపాకి విప్పకుండా ఎవరూ మెట్టెక్కకూడదు. వాకిట్లోనే నిలబడి, గొట్టం మడిచి, రెండు కన్నాల్లోంచీ ఆకాశం కనబడుతోందో లేదో చూసుకుని, ఆ మడిచిన తుపాకిని మోచేతికి వేలాడేసుకుని అప్పుడు లోపలికి రావాలి. నేను కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే మా ఆయన బిద్దప్ప పంది వేటకి వెళ్ళి ఒట్టి చేతులతో తిరిగొచ్చి, ఆ చిరాకులో విప్పడం మర్చిపోయి మెట్టు మీద కాలు పెట్టాడు. మా మావ, సుబేదార్ ఉత్తయ్య, కన్నకొడుకుని గంటసేపు వానలో నిలబెట్టాడు.

"అందులో గుండు లేదప్పా" అన్నాడు బిద్దప్ప తడుస్తూ.

"లేదని నీకు తెలుసురా. తుపాకికి తెలుసా?" అన్నాడు మావ.

అప్పుడు నవ్వుకున్నాను. కొడగు కొండల్లో ప్రతి ముసలాయనకీ ఒక పిచ్చి ఉంటుంది, ఈయనది ఇదీ అనుకున్నాను. ఆ పిచ్చి ఏమిటో నాకు అర్థం కావడానికి పందొమ్మిదేళ్ళూ, ఒక మనిషి కాలూ పట్టాయి.

మావ ముప్పై ఏళ్ళు సైన్యంలో సిగ్నల్స్ పని చేసి వచ్చాడు. పింఛను మొదలయ్యాక మిగతా సుబేదార్లు బ్రాందీ పెట్టుకున్నారు, సరిహద్దు తగాదాలు పెట్టుకున్నారు. ఈయన రేడియో పెట్టుకున్నాడు. లైసెన్సు తెచ్చుకుని, వక్కచెట్టు నుంచి వక్కచెట్టుకి తీగ కట్టి, పొద్దున్నే జపానులో ఎవడో జాలరితో వానల గురించి మాట్లాడేవాడు. నాకూ నేర్పాడు. మా తోటలో మిరియాలు కోసే మొయిదుకీ నేర్పాడు. మొయిదు వాళ్ళు తరతరాలుగా మా భాషే మాట్లాడే మాప్పిళ్ళ ముస్లింలు. ఎంత ఎత్తు చెట్టయినా ఉడతలా ఎక్కేవాడు, అందుకని మావ మొదట వాడిని తీగ కట్టడానికే పిలిచాడు. తీగ కట్టి దిగినవాడు ఇంటికి పోకుండా కింద కూర్చుని వినడం మొదలెట్టాడు. ఇద్దరం ఒకే రోజు మంగళూరు వెళ్ళి రేడియో లైసెన్సు పరీక్ష రాశాం. బీయస్సీ చదివి బడిలో సైన్సు చెప్పే నేను రెండోసారికి గట్టెక్కాను. వాడు మొదటిసారికే.

"దేచక్కా, నీ డిగ్రీ అరువిస్తావా, మా ఇంటి గోడకి తగిలించుకుంటా" అనేవాడు.

ఇద్దరికీ మావ మొదటి పాఠం ఒక్కటే. మైకూ తుపాకీ ఒకటే. రేడియో దగ్గర్నుంచి లేచినా, బండి దిగినా, సామాను సర్దినా ముందు మైకు తీగని రేడియోలోంచి విప్పెయ్యాలి. తర్వాతే కాఫీ. ఎందుకంటే ముగ్గురి రేడియోలూ నడిచేది ఒకే దారి మీద. ఒకరు మైకు మీట నొక్కి, రేడియో మీద ఎర్రలైటు వెలిగి ఉన్నంతసేపు మిగతా ఇద్దరి నోళ్ళూ కట్టేసినట్టే. మాట్లాడకుండా ఊరికే నొక్కుకుపోయినా అంతే.

*

ఆ ఏడు కక్కడ మాసంలో, అంటే జూలై ఆగస్టుల్లో, వాన పడలేదు, కూలింది. కాఫీ కాయలు పచ్చిగానే రాలి నల్లబడ్డాయి. జలగలు వంటింట్లోకొచ్చాయి. కరెంటు పోయి పన్నెండు రోజులు, ఫోన్లు పోయి తొమ్మిది రోజులు. రెండు కొండల అవతల ఒక చరియ జారి రోడ్డు మింగేశాక, మా గుట్ట మీది బడిలో నూట నలభై మంది వచ్చి పడ్డారు. బెంగళూరు నుంచి కౌశిక్ అని ఒక రేడియో కుర్రాడు, జుట్టు పిలక కట్టుకున్నవాడు, రెండు పెట్టెల నిండా రేడియోలు వేసుకుని సగం దూరం నడిచి వచ్చాడు. వాడే మాకు మూడు చోట్ల రేడియోలు పెట్టించాడు.

ఒకటి బడిలో, నాలుగో తరగతి బెంచీ మీద. అక్కడ మావ. రెండోది మా జీపులో. అక్కడ నేను. మూడోది చేతిలో పట్టుకునేది, మొయిదు దగ్గర. వాడి పని పైన కొండ మీంచి లోయలోకి దిగే వాగుని చూస్తూ కూర్చోవడం. లోయలో కూలీల లైన్ ఇళ్ళు తొమ్మిది ఉన్నాయి. ఆ జనం మేం కదలం అన్నారు. కోళ్ళు ఉన్నాయి, మేకలు ఉన్నాయి, బడిలో ఎక్కడ కట్టుకుంటాం అన్నారు. అందుకని మావ ఒక ఏర్పాటు చేశాడు.

"వాగు పొంగితే భయం లేదు. వాగు సన్నబడితేనే భయం" అన్నాడు. "ఇంత వానలో నీళ్ళు తగ్గాయంటే పైన ఎక్కడో మట్టి జారి అడ్డం పడిందన్నమాట. అది తెగిందంటే లైన్లు మిగలవు. మొయిదూ, వాగు సన్నబడగానే పిలువు. దేచూ, నువ్వు లైన్ల పైన మూడో మలుపులో జీపుతో ఉండు. వాడు పిలిస్తే హారన్ కొట్టుకుంటూ దిగు. నాలుగు నిమిషాల దారి. అందరినీ ఎక్కించుకో."

"జీపులో ఎంతమంది పడతారు మావా?"

"చచ్చిపోతామంటే ఎంతమందైనా పడతారు."

కౌశిక్ ప్రతి రేడియోలోనూ ఒక గడువు పెట్టాడు. మూడు నిమిషాలకి మించి మీట నొక్కి ఉంటే రేడియో దానంతటదే నోరు మూసుకుంటుంది. మంచి ఏర్పాటే. కాని రెండో రోజు నేను జీపులోంచి బడిలో ఉన్నవాళ్ళ పేర్లు జిల్లా వాళ్ళకి చదవాల్సి వచ్చింది. నలభయ్యో పేరు దగ్గర తెగింది. అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెడితే తొంభయ్యో పేరు దగ్గర తెగింది. నాకు ఒళ్ళు మండింది. ఆ గడువు తీసి అవతల పారేశాను. నేను సైన్సు టీచర్ని, నాకు తెలియదా ఎంతసేపు మాట్లాడాలో!

తీసేసిన సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత విషయం అనిపించలేదు.

కక్కడ పద్దెనిమిదిన, ఊరు మునిగినా సరే, మేము మద్దు ఆకు పాయసం తాగాల్సిందే. ఆ ఒక్కరోజు ఆ ఆకులో పద్దెనిమిది మందుల సత్తువ ఉంటుందని మా నమ్మకం. తాగిన మర్నాడు ఒంటేలు ఎర్రగా వస్తుంది, మందు పనిచేసిందని గుర్తు. బడి వెనక పెద్ద డేగిశాలో కాచాం. మర్నాడు పొద్దున్నే రేడియోలో మొయిదు గొంతు. మావని వాడు అజ్జ అనే పిలుస్తాడు, తాత అని.

"అజ్జా, నా ఎర్రలైటు వెలిగింది. మీది?"

"మూసుకుని వాగు చూడరా" అన్నాడు మావ. కాని నవ్వు వినబడింది. ఆ నవ్వు చివర చెంచా గ్లాసుకి తగిలి టకటకమన్న చప్పుడు కూడా వినబడింది. అంతకుముందు ఏడాది నుంచి మావ కుడిచెయ్యి వణికేది.

*

ఆ మర్నాడు పొద్దున పది దాటింది. మూడో మలుపులో జీపు ఆపుకుని కూర్చున్నాను. వాన పడుతూనే ఉంది. బడికి తీసుకెళ్ళాల్సిన అన్నం క్యారియరు కాళ్ళ మధ్య వెచ్చగా ఉంది. మలుపు పక్కనే చిణ్ణవ్వ ఇల్లు. వరండాలోంచి కేకేసింది.

"దేచూ, బెల్లం కాఫీ దింపాను. వచ్చి రెండు గుక్కలు తాగిపో. జీపుని ఏనుగెత్తుకుపోదులే!"

"డ్యూటీలో ఉన్నానక్కా."

"అబ్బో, డ్యూటీ! మీ మావ నీకూ చొక్కా కుట్టించాడా?"

దిగాను. మైకు విప్పాలని గుర్తొచ్చింది. గుర్తు రాలేదని అబద్ధం ఆడను. ఆ మైకు తీగ మూతికి మర ఉంటుంది, మూడు చుట్లు తిప్పాలి. వేళ్ళు తడిగా ఉన్నాయి, ఒక చుట్టు తిరిగి జారింది. అయిదు నిమిషాలకి ఎందుకులే అనుకున్నాను. క్యారియరు తీసి సీటు మీద పెట్టాను. మైకు కొక్కెం నుంచి జారి సీటు మీదే పడి ఉంది. నేను చూడలేదు. నాలుగు గిన్నెల ఇత్తడి క్యారియరు, అన్నంతో సహా, దాని మీద కూర్చుంది.

చిణ్ణవ్వ వరండాలో నేను మాట్లాడింది ఏమిటో కూడా చెప్పేస్తాను. మావ చెయ్యి గురించి.

"చారు నోటిదాకా పోయేలోపు సగం చొక్కా మీదే అక్కా. ఆ చేతితో రేడియో ముందు కూర్చుంటాడు. ఎప్పుడో తెలియకుండా మీట నొక్కేస్తాడు. ఎవరో ఒకరు లేపాలి ఆయన్ని అక్కణ్ణుంచి."

"నువ్వే చెప్పు. ఆయనకి నువ్వంటే ప్రాణం."

"నా వల్ల కాదు తల్లీ."

రెండో గ్లాసు కూడా తాగాను.

తిరిగొచ్చి జీపు తలుపు తీస్తే రేడియో మీద ఎర్రలైటు నిలకడగా వెలుగుతోంది. ఒక్క క్షణం అది ఏమిటో అర్థం కాలేదు. తర్వాత క్యారియరు ఎత్తాను. లైటు ఆరింది. గొంతులు ముంచుకొస్తాయనుకున్నాను, తిట్లు వస్తాయనుకున్నాను. ఏమీ రాలేదు.

"మొయిదూ" అన్నాను. జవాబు లేదు. "మావా" అన్నాను. జవాబు లేదు.

బడివైపు జీపు తిప్పాను. రెండో మలుపులో మావ ఎదురొచ్చాడు, నెత్తిన గోనెసంచి కప్పుకుని, డెబ్భై నాలుగేళ్ళ మనిషి, బురదలో దాదాపు పరిగెడుతూ. జీపు ఆపాను. ఆయన ఎక్కలేదు. కిటికీలోంచి లోపలికి చూశాడు. మైకు, దాని పక్కన సీటు మీద క్యారియరు గుండ్రటి తడి అచ్చు.

"ఎక్కడ ఆగావు?"

"చిణ్ణవ్వ ఇంట్లో. అయిదు నిమిషాలే మావా."

ఆయన ఇంకేం అనకముందే లోయలోంచి ఆ చప్పుడు వచ్చింది. ఎక్కడో లారీలోంచి కంకర దింపుతున్నట్టు మొదలై, ఆగలేదు.

*

లైన్ ఇళ్ళు తొమ్మిదీ పోయాయి. మనుషులు ఒక్కరూ పోలేదు. వాగు సన్నబడగానే మొయిదు పిలిచాడు. పిలిచి పిలిచి, రేడియోలో దారి దొరక్క, దాన్ని సంచిలో వేసుకుని అడ్డదారిన కొండ దిగి పరిగెత్తాడు. జీపుకి నాలుగు నిమిషాల దారి, మనిషికి బురదలో పావుగంట. ఇంటింటి తలుపూ తన్ని జనాన్ని అవతలి గట్టుకి తరిమాడు. చివరి ఇంట్లో ఒక ముసలామె కోళ్ళ గంప వదలనంటే గంపతో సహా ఎత్తుకున్నాడు. గట్టు ఎక్కుతుంటే బండ వచ్చి కుడికాలు పట్టుకుంది. ముసలామెనీ గంపనీ పైకి విసిరేశాడు. కాలు మాత్రం ఆ బండ కిందే ఉండిపోయింది. నలిగి మిగిలిన ముక్కని మైసూరు ఆసుపత్రిలో మోకాలి కింద దాకా తీసేశారు.

వాడు చెట్లెక్కి బతికేవాడు.

వారం తర్వాత బడిలో మీటింగు పెట్టారు. ఇరవై రెండు నిమిషాలు దారి మూసుకుపోయిందని, ఆ పొద్దున బడిలో లేని కౌశిక్ దూరం నుంచి విని తన పుస్తకంలో రాసుకున్నాడు, ఎవరి రేడియో వల్ల అన్నది తేల్చాలి, మళ్ళీ జరక్కుండా చూడాలి. ఆ పొద్దున నేను ఒక నీచమైన పని చెయ్యబోయాను. వాళ్ళు జీపులో రేడియో చూస్తారని, నేను తీసేసిన మూడు నిమిషాల గడువు వాళ్ళ కంటబడుతుందని, దాన్ని మళ్ళీ పెట్టేద్దామని అందరికంటే ముందు షెడ్డులోకి వెళ్ళాను. బటన్లు నొక్కి చూస్తే గడువు అప్పటికే పెట్టి ఉంది. మూడు నిమిషాలు.

నాకంటే ముందే ఎవరో వచ్చి పెట్టారు. ఆ బటన్ల లెక్క తెలిసినవాళ్ళు మా ఇంట్లో ఇద్దరమే.

నేను జీపు దిగాను. తర్వాత చీర సర్దుకుని మీటింగుకి వెళ్ళాను.

కౌశిక్ మర్యాదస్తుడు. మావని అడగడానికి వాడికి మనసు రాలేదు, ఊరి పెద్ద, మేము తక్క అని పిలిచే ముద్దప్పే అడిగాడు.

"ఉత్తయ్యా, ఆ టైములో నువ్వు బెంచీ దగ్గర లేవట. నలుగురు చూశారు, వానలో బయటికి పోయావట."

"పోయాను."

"మైకు ఎక్కడ పెట్టి పోయావు?"

మావ తన కుడిచేతిని బెంచీ మీద పెట్టాడు. అది అందరి ముందూ వణికింది. దాన్నే చూస్తూ అన్నాడు, "గుర్తు లేదు. ఏ పుస్తకాల కిందో పెట్టి ఉంటాను. దాని గడువు కూడా నేనే తీసేశాను. నాదే."

ఆయన బయటికి పోయింది నన్ను వెతకడానికి. ఆ సంగతి ఆయన చెప్పలేదు. నా పక్కన బిద్దప్ప తల దించుకున్నాడు. నేను నా గోళ్ళలో ఉన్న మట్టి చూసుకుంటున్నాను. నోరు తెరిచానని, చెప్పబోయానని, ఈలోగా ఎవరో మాట్లాడారని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. తెరవలేదు.

కౌశిక్ కొత్త నియమాలు చదివాడు. గడువు ఎవరూ తీయకూడదు. దారి మూసుకుపోతే అందరూ మారడానికి రెండో దారి ముందే అనుకోవాలి. బండి దిగితే మైకు విప్పాలి. చివరిది చదువుతూ, "ఇది సుబేదార్ గారు మొదటి రోజే చెప్పారు" అని ఆగి, ఇబ్బందిగా దగ్గాడు. ఇకనుంచి బడి రేడియో దేచమ్మ టీచరు చూసుకుంటారు అని కూడా అన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు.

*

మావ రేడియో గదిలోకి పోవడం మానేశాడు. ఆ జపాను జాలరి పొద్దున్నే పిలిచేవాడు, పిలిచి పిలిచి ఊరుకునేవాడు. నేను వెళ్ళి శబ్దం తగ్గించేదాన్ని. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. పొద్దున అక్కి రొట్టె పెడితే "ఇంకొంచెం తేనె వెయ్యమ్మాయ్" అనేవాడు, అంతే. ఎప్పటిలాగే.

ఊరు మాత్రం ఊరుకుంటుందా? సంతలో ఎవడైనా గ్లాసు జారవిడిస్తే "సుబేదారు చెయ్యిరా నీది" అనడం మొదలెట్టారు. లైన్లలో ఉండిన జనం ఆయన్ని చూస్తే పక్కకి తప్పుకునేవాళ్ళు.

కైల్‌పొళ్దు పండగకి వారం ముందు తక్క ముద్దప్ప ఇంటికొచ్చాడు. ఆ పండగ తుపాకులది. నాట్లు అయిపోయేదాకా గూట్లో ఉన్న తుపాకుల్ని దించి, దీపం ముందు పెట్టి, పూలు పెట్టి, భోజనాలయ్యాక ఊరి మైదానంలో చెట్టు చివర కట్టిన కొబ్బరికాయని కొట్టాలి. మొదటి గుండు పదకొండేళ్ళుగా మా మావది.

ముద్దప్ప కాఫీ తాగాడు, మిరియాల ధర మాట్లాడాడు, తర్వాత గొంతు తగ్గించాడు.

"ఏమనుకోకు ఉత్తయ్యా. ఈసారి మొదటి గుండు వద్దులే. పిల్లలు తిరుగుతుంటారు. తెలియకుండా నొక్కే చెయ్యి..."

"ట్రిగ్గరు మీద ఉండకూడదు" అన్నాడు మావ. "సరే."

"తుపాకి కూడా బిద్దప్ప చూసుకుంటే మంచిదని అందరూ..."

మావ లేచి, గూట్లోంచి తుపాకి దించి, గొట్టం మడిచి, రెండు కన్నాల్లోంచీ వాకిలి వైపు చూసి, కొడుకు చేతికిచ్చాడు. బిద్దప్ప దాన్ని చచ్చిన పిల్లాణ్ణి అందుకున్నట్టు అందుకున్నాడు. నేను ట్రేతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. మావ నావైపు చూడలేదు, గ్లాసు మాత్రం ట్రేలో పెట్టాడు. అది టకటకమంది.

మాలో తుపాకి తీసేసుకోవడమంటే మగవాణ్ణి వంటింట్లో కూర్చోబెట్టడం కాదు, అంతకంటే ఎక్కువ. ఇంట్లో బిడ్డ పుడితే ఒక గుండు, మనిషి పోతే రెండు గుండ్లు. ఆ చప్పుడుతోనే వస్తాం, ఆ చప్పుడుతోనే పోతాం. నేను కాఫీ తాగిన పాపానికి ఆయన ఆ చప్పుడు వదులుకున్నాడు.

*

పండగనాడు మధ్యాహ్నం మొయిదు వచ్చాడు, రెండు కర్రల మీద. ప్రతి ఏడూ వస్తాడు, ఈ ఏడు రాడనుకున్నాం. లోపల అందరూ కడంబుట్టు బియ్యపు ఉండలు, పందికూర తింటుంటే వాడికి విడిగా కోడికూర వండి వరండాలోకి తీసుకెళ్ళాను. నెల రోజుల్లో వాడి ఎదురుగా ఒంటరిగా కూర్చోవడం అదే మొదలు. ఆసుపత్రికి రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ నలుగురితో కలిసి వెళ్ళాను.

వాడు రెండు ముద్దలు తిన్నాడు. తర్వాత తలెత్తకుండానే అన్నాడు.

"అక్కా, ఆ రోజు నేను రేడియోలో ఏం విన్నానో నన్ను ఎవరూ అడగలేదు."

"ఏం విన్నావు?"

"వాన. మొదట ఆరేడు నిమిషాలు పిలుస్తూనే విన్నాను. తర్వాత పరిగెడుతుంటే సంచిలోంచి వినబడుతూనే ఉంది. బయటా వానే, సంచిలోనూ వానే." ఎముక ఒకటి పక్కన పెట్టాడు. "బడి కప్పు పెంకులక్కా. పెంకుల మీద వాన గులకరాళ్ళు పోసినట్టుంటుంది. నేను విన్నది గుడ్డ టాపు మీద వాన. మీ జీపు టాపుకి కుడివైపు చిరుగు మీద పోయిన ఏడు తోలుపట్టా వేసి కుట్టింది నేనే కదా. చినుకు ఆ పట్టా మీద పడితే డప్పు మీద వేలు పెట్టినట్టు వేరేగా మోగుతుంది. ఇరవై నిమిషాలు విన్నాను. పొరపాటు పడను."

లోపల ఎవరో ఏదో జోకు వేశారు, పకపకా నవ్వులు.

"ఎవరికీ ఎందుకు చెప్పలేదు మొయిదూ?"

"నువ్వు చెప్తావనుకున్నాను. అజ్జ కూడా అదే అనుకుంటున్నాడేమో. నెలయింది."

నేను ఏడవబోయాను. వాడు ఎడమచెయ్యి అడ్డంగా ఊపాడు, ఈగని తోలినట్టు.

"ఏడుపు వద్దు. నా కాలు ఆ బండ కింద ఉంది, దాన్ని నువ్వు తవ్వి తెచ్చివ్వలేవు. దాని గురించి నాకు కోపం ఉంది, ఎన్నాళ్ళుంటుందో నాకే తెలియదు. అజ్జ తుపాకి మాత్రం నువ్వు తెచ్చివ్వగలవు." గిన్నె నావైపు జరిపాడు. "కూర బాగుంది. ఇంకో ముక్క వెయ్యి."

మైదానంలో ఊరంతా చేరింది. తక్క ముద్దప్ప తుపాకి పట్టుకుని ముందుకొచ్చాడు, మొదటి గుండు తనదేనని. మావ వెనకవరసలో, చంటిపిల్లల తల్లుల పక్కన నిలబడ్డాడు, కుడిచెయ్యి పండగ నల్లకోటు, కుప్పస, మడతల్లో దాచుకుని. నేను నడిచి వెళ్ళి ముద్దప్పకీ చెట్టుకీ మధ్య నిలబడ్డాను.

"పక్కకి తప్పుకో అమ్మా, పిచ్చా నీకు?"

"ఆ రోజు మీట నొక్కుకుపోయింది జీపులో తక్కా. బడిలో కాదు. నేను మైకు విప్పకుండా దిగి కాఫీ తాగడానికి పోయాను. దాని మీద క్యారియరు పెట్టాను. గడువు తీసేసింది కూడా నేనే. మావ నన్ను వెతుక్కుంటూ వానలో వచ్చాడు. ఆయన చెయ్యి ఏమీ నొక్కలేదు."

అంతే చెప్పాను. ముందు అనుకున్నవి చాలా ఉన్నాయి, ఏవీ రాలేదు.

"అయ్యయ్యో, నా ఇంట్లోనే కదే తాగావు" అని చిణ్ణవ్వ నెత్తి కొట్టుకుంది. "రెండో గ్లాసు నేనే పోశానే!" లైన్లలో ఉండిన ఆ ముసలామె, గంప ఆమె, నన్ను తేరిపార చూసి, ముక్కు చీది, మొహం తిప్పుకుంది. బిద్దప్ప నావైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. ఆ తర్వాత పదిరోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ముద్దప్ప నడిచి వెళ్ళి తుపాకిని మావ ముందు చాచాడు. "మొదటి గుండు నీది ఉత్తయ్యా. తప్పయిపోయింది."

మావ తుపాకి అందుకున్నాడు. గొట్టం మడిచి గుండు తీసి, రెండు కన్నాల్లోంచీ ఆకాశం చూశాడు. చెయ్యి వణుకుతూనే ఉంది, దాచలేదు.

"చెయ్యి వణకడం అబద్ధం కాదు తక్కా. పిల్లలున్నారన్నావు, అదీ నిజమే. నా గుండు నేను మొయిదుకిస్తున్నాను."

మొయిదు కర్రల మీద నిలబడి తుపాకి ఎలా పట్టగలడు? ఎవరో కుర్చీ తెమ్మన్నారు. వాడు వద్దన్నాడు. ఒక కర్ర కింద పడేసి, మెడ తిప్పి నన్ను చూశాడు. నేను వెళ్ళి వాడి కుడివైపు నిలబడ్డాను, కాలు ఉండాల్సిన చోట. వాడు తన బరువు నా భుజం మీద వేశాడు. బరువైన మనిషి. గుండు పేలినప్పుడు ఆ దెబ్బ వాడి ఎముకల్లోంచి నా ఎముకల్లోకి వచ్చింది.

కాయకి తగల్లేదు. ఆకులు రాలాయి.

"నిలబెట్టడం చేతకాలేదు నీకు" అన్నాడు చెవి దగ్గర. "కదిలావు."

"కదిలాను" అన్నాను.

సాయంత్రం ఇంటికి బయల్దేరాం. మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. మావ నా పక్కన ముందు సీట్లో కూర్చున్నాడు. టాపు మీద వాన, మధ్యమధ్య ఆ తోలుపట్టా మీద ఒక చినుకు. మొయిదు చెప్పింది నిజమే, వేరేగా మోగుతుంది. పట్టా వేసినప్పట్నుంచీ రోజూ ఆ జీపే నడుపుతున్నాను, నేను ఎప్పుడూ వినలేదు.

తాళం తిప్పబోతే మావ చెయ్యి అడ్డం పెట్టాడు. ముందుకి వంగి, మైదానంలో దిగేటప్పుడు నేను మళ్ళీ విప్పకుండా వదిలేసిన మైకు మూతి పట్టుకున్నాడు. వణికే వేళ్ళు ఆ మర మీద నిలవలేదు. జారాయి, మళ్ళీ పట్టాయి, మళ్ళీ జారాయి. సాయం చెయ్యడానికి నా చెయ్యి లేచింది. ఆయన చూశాడు. దించుకున్నాను. ఒక చుట్టు. రెండు చుట్లు. వెనక ఎవరో హారన్ కొట్టి, కొట్టి, పక్కనుంచి వెళ్ళిపోయారు. మూడో చుట్టుకి ఊడొచ్చింది. మైకుని, తీగతో సహా, నా ఒళ్ళో పెట్టాడు.

"ఇప్పుడు పోనియ్యి" అన్నాడు.